డిశ్చార్జి కాగితం: ఒక క్షమాభిక్ష పిటిషన్ కేస్ స్టడీ

నేను క్రిమినల్ లాయర్ని. ఉరిశిక్ష పడ్డవాళ్ళ తరఫున అప్పీళ్ళు, క్షమాభిక్ష పిటిషన్లు రాయడం కొన్నేళ్ళుగా నా పని. ఈ కేసు అన్ని దశలూ దాటి ముగిసింది కాబట్టి రాయగలుగుతున్నాను. ఊళ్ళు, పేర్లు, తేదీలు తీసేశాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. కోర్టు తీర్పులు, చట్టం సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

ముందే ఒక మాట చెప్పాలి. అతను నిర్దోషి కాదు. ఒక ఇంట్లో ముగ్గుర్ని చంపాడు. భార్యాభర్తలు, వాళ్ళ ఏడేళ్ళ కొడుకు. ఆ ఇంటాయన దగ్గరే ఏడాదిన్నర పనిచేశాడు. కూలి బాకీ అడగడానికి రాత్రిపూట తాగి వెళ్ళాడు. మాటా మాటా పెరిగింది. అలికిడికి నిద్ర లేచి వచ్చిన పిల్లాణ్ణి కూడా వదల్లేదు. ఈ వాక్యం రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యాడదు.

ఉరిశిక్ష వద్దనే వాళ్ళం మామూలుగా తప్పుడు తీర్పుల గురించి చెబుతాం. మహారాష్ట్రకి చెందిన ఆరుగురు సంచార తెగ మనుషుల కేసు ఉంది. 2009లో సుప్రీంకోర్టు వాళ్ళలో ముగ్గురి ఉరిని ఖాయం చేసి, మిగతా ముగ్గురికి తనే యావజ్జీవాన్ని ఉరిగా పెంచింది. 2019లో అదే కోర్టు ఆరుగురూ నిర్దోషులని విడుదల చేసింది. మధ్యలో ఉరి తీసి ఉంటే? దీనికి జవాబు ఎవరి దగ్గరా ఉండదు, వాదన అక్కడితో ఆగిపోతుంది. కానీ మా ఖైదీ విషయంలో ఆ వాదన పనికిరాదు. అతనే చేశాడు, అతనే ఒప్పుకున్నాడు. ఇలాంటి మనిషి విషయంలో దయకి చోటుందా అన్నదే అసలు కష్టమైన ప్రశ్న. అందుకే ఈ కేసుని ఎంచుకున్నాను.

శిక్ష పడిన మధ్యాహ్నం

సెషన్స్ కోర్టు తీర్పు కాపీ 61 పేజీలు. అందులో నేరం రుజువైందని చెప్పడానికి 57 పేజీలు పట్టాయి. ఆ భాగం పద్ధతిగా రాశారు, దానితో నాకు పేచీ లేదు. నేరం రుజువైందని ఉదయం చెప్పారు. భోజన విరామం తర్వాత శిక్ష గురించి వాదన విన్నారు. సాయంత్రం లోపు ఉరిశిక్ష వేశారు.

ఆ వాదనలో లీగల్ ఎయిడ్ లాయరు చెప్పింది తీర్పులో ఒక్క వాక్యంగా ఉంది: ముద్దాయి పేద కుటుంబం నుంచి వచ్చాడు, వయసు 26, ఇద్దరు చిన్నపిల్లలున్నారు, దయ చూపాలి. ఆ లాయర్ని నేను తప్పుపట్టను. ఆయనకిచ్చే ఫీజు ఎంతో, చేతిలో ఎన్ని కేసులుంటాయో నాకు తెలుసు. ఆ ఒక్క మధ్యాహ్నంలో అంతకంటే తేగలిగిందీ లేదు.

తర్వాత జడ్జిగారు ముద్దాయినే అడిగారు. నువ్వేమైనా చెప్పుకుంటావా అని. తీర్పులో, ముద్దాయి చెప్పుకునేది ఏమీ లేదన్నాడు అని రికార్డు చేశారు. ఏళ్ళ తర్వాత జైల్లో అతన్ని అడిగితే, తను అన్న మాట వేరే అన్నాడు. "ఏం చెప్పాలో తెలీట్లేదు సార్ అన్నానండి." ఈ రెండు మాటలకీ మధ్య ఉన్న తేడా గురించి చాలా రాత్రులు ఆలోచించాను. మొదటిది వింటే, మనిషికి పశ్చాత్తాపం లేదనిపిస్తుంది. రెండోది వింటే, ఇతని తరఫున ఇంకెవరైనా చెప్పాలి కదా అనిపిస్తుంది. హైకోర్టు ఉరిని ఖాయం చేస్తూ మొదటి మాటనే ఎత్తి రాసింది.

చట్టం ఇలా ఉండాలని అనలేదు. 1955కి ముందు మన దేశంలో హత్యకి ఉరే మామూలు శిక్ష. యావజ్జీవం వేస్తే ఎందుకు వేశారో జడ్జి కారణం రాయాలి. 1955లో ఆ నియమం తీసేశారు. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చాక లెక్క తిరగబడింది. యావజ్జీవమే మామూలు, ఉరి వేస్తే ప్రత్యేక కారణాలు రాయాలి. 1980లో బచన్ సింగ్ కేసులో ఐదుగురు జడ్జీల బెంచి ఉరిశిక్ష రాజ్యాంగబద్ధమే అని 4:1తో చెప్పింది. ఆ బెంచిలో జస్టిస్ భగవతిగారు ఒక్కరే కాదన్నారు. అయితే ఉరిని నిలబెట్టిన ఆ తీర్పే దాని చుట్టూ గట్టి కంచె కూడా వేసింది. అరుదైన వాటిలో అత్యంత అరుదైన కేసులోనే ఉరి వెయ్యాలి. నేరాన్నే కాదు, నేరం చేసిన మనిషినీ చూడాలి. అతను మారే అవకాశం లేదని చూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.

1983లో మచ్ఛీ సింగ్ కేసులో ఎలాంటి నేరాలు ఈ కోవలోకి వస్తాయో ఐదు రకాలుగా చెప్పారు. అప్పట్నుంచీ కింది కోర్టులకి ఆ ఐదే చేతికందే కొలబద్ద అయింది. నేరం ఆ ఐదింట్లో ఒకటిలో ఇమిడితే చాలు, మనిషి సంగతి పక్కకి పోతుంది. మా తీర్పులోనూ అదే జరిగింది. మచ్ఛీ సింగ్ మీద పేజీన్నర, అతని మీద రెండు వాక్యాలు. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని సరిచేసింది. ముద్దాయి మానసిక పరీక్ష రిపోర్టు, జైల్లో నడవడిక, కుటుంబ చరిత్ర, ఇవన్నీ సెషన్స్ కోర్టు దశలోనే తెప్పించుకోవాలంది. ఒకే రోజు వాదన విని ఉరి వేయడం సబబేనా అన్న ప్రశ్నని అదే ఏడాది సెప్టెంబరులో ఐదుగురు జడ్జీల బెంచికి పంపింది. కానీ అప్పటికే మా ఖైదీ అప్పీళ్ళు, రివ్యూ అన్నీ అయిపోయాయి.

పద్నాలుగు నెలలు

నేను ఈ కేసులోకి వచ్చేసరికి జైలు నుంచి పంపిన క్షమాభిక్ష పిటిషన్ ఒకటి ఉంది. ఒకటే పేజీ. ఆఫీసులో ఎవరో రాసిపెడితే కింద అతను సంతకం పెట్టాడు. దానికి తోడుగా పూర్తి పిటిషన్ ఒకటి తయారు చేయడం నా పని.

మొదటి డ్రాఫ్టు 24 పేజీలు రాసి మా సీనియర్ గారికిచ్చాను. క్షమాభిక్ష అధికారం ఇచ్చే రాజ్యాంగంలోని ఆర్టికల్ 72, ఆర్టికల్ 161, ఆ అధికారం మీద సుప్రీంకోర్టు తీర్పులిచ్చిన కేహర్ సింగ్ కేసు, శత్రుఘ్న చౌహాన్ కేసు, అన్నీ వరసగా పెట్టాను. రెండు రోజుల తర్వాత తిరిగొచ్చింది. చట్టం పేజీల మీద ఒక్క గీత కూడా లేదు. 'పేద కుటుంబం' అన్న మాట ఆరుచోట్ల రాశానట, ఆ ఆరింటి చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టారు. పక్కన చిన్న అక్షరాలతో, "పేద అంటే ఏమిటమ్మా? రాత్రి ఏం తినేవాళ్ళు?" అని రాశారు. నాకు తెలీదు. సెషన్స్ కోర్టులో ఆ లాయరు చేసిన పనే నేనూ చేశాను, కాకపోతే ఎక్కువ పేజీల్లో. 

అప్పుడు మొదలుపెట్టాను తిరగడం. అతను చదివిన స్కూలు ఒకటుంది. అడ్మిషన్ రిజిస్టర్లో ఐదో తరగతి మధ్యలో అతని పేరు మీద ఎర్ర గీత కొట్టి, పక్కన 'వలస' అని రాసి ఉంది. పదకొండేళ్ళకి ఇటుక బట్టీకి పోయాడు. కుటుంబం మొత్తం మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, అది తీరేదాకా పనిచేసే పద్ధతి. తల్లి అక్కడే పోయింది. అతన్ని పెంచింది తనకంటే ఐదేళ్ళు పెద్దదైన అక్క.

ఆ అక్కని వెతికి పట్టుకోవడానికే నాలుగు నెలలు పట్టింది. మొదటిసారి వెళ్ళినప్పుడు తలుపు తియ్యలేదు. రెండోసారి బయటికొచ్చి, "వాడి సంగతి మాకొద్దండి, మా పిల్లలకి పెళ్ళిళ్ళు కావాలి" అంది. మూడోసారి కూర్చోమంది. చిన్నప్పుడు అతనికి ఏమైనా జబ్బు చేసిందా అని మామూలుగా అడిగాను, ఫారంలో ఉండే ప్రశ్న అది. ఆమె ఏమీ అనకుండా లోపలికెళ్ళి ట్రంకు పెట్టె తీసింది. అడుగున చీర మడతల మధ్య పాలిథిన్ కవరు, అందులో ఎనిమిది మడతల కాగితం. మడతలు పడినచోట చిరిగిపోయి, వెనక పారదర్శకమైన టేపు అంటించి ఉంది. ప్రభుత్వాసుపత్రి డిశ్చార్జి కాగితం. పద్నాలుగేళ్ళ కుర్రాడు, ఎత్తునుంచి పడ్డాడు, నుదుటి ఎముక విరిగింది, రెండు రోజులు స్పృహ లేదు, న్యూరోసర్జన్‌కి చూపించాలి. ఇటుకల దొంతర మీంచి పడ్డాడట. న్యూరోసర్జన్ ఉండే ఊరికి వెళ్ళడానికి మేస్త్రీ సెలవివ్వలేదు.

"ఇది ఎందుకు దాచావమ్మా?" అని అడిగాను.

"మళ్ళీ రమ్మన్నారు కదండీ. కాగితం లేకపోతే చూడరేమోనని."

పద్దెనిమిదేళ్ళుగా ఆమె ఆ కాగితాన్ని దాచింది, ఆ ఆసుపత్రికి వెళ్ళడం కోసం. అంతకాలంలో ఏ పోలీసూ, ఏ లాయరూ, ఏ కోర్టూ దాన్ని అడగలేదు.

తల ముందు భాగానికి గట్టి దెబ్బ తగిలితే ఆవేశాన్ని అదుపులో పెట్టుకునే శక్తి తగ్గొచ్చు. అందరికీ అలా జరగదు. మేం చూపించిన సైకియాట్రిస్టు ఈ విషయంలో నాకంటే జాగ్రత్తగా ఉన్నారు. "దెబ్బ వల్లే హత్యలు చేశాడని నేను రాయను. దెబ్బ సంగతి తెలియకుండా ఈ మనిషిని అంచనా వెయ్యకూడదని మాత్రం రాస్తాను" అన్నారు. అలాగే రాశారు. నాకు అప్పుడు కొంచెం నిరాశ కలిగింది. ఇప్పుడు ఆ రిపోర్టులో నేను అన్నిటికంటే నమ్మే వాక్యం అదే.

ఇదంతా విని కొందరు, అయితే నేరాన్ని సమర్థిస్తున్నావా అంటారు. లేదు. బట్టీలో పెరిగిన లక్షలమంది ఎవర్నీ చంపలేదు. అతను చేసిన పని అతనిదే, దానికి జైల్లో జీవితమంతా గడపడం న్యాయమే. మనిషి చావడానికి తగినవాడు అని తీర్పు చెప్పేటప్పుడు మాత్రం, ఆ తీర్పు చెప్పేవాళ్ళకి ఆ మనిషి ఎవరో తెలిసి ఉండాలి. ఇక్కడ తెలీదు. 2016లో ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ ఉరిశిక్ష పడ్డ ఖైదీల మీద చేసిన అధ్యయనంలో నాలుగింట మూడొంతుల మంది ఆర్థికంగా అట్టడుగున ఉన్నవాళ్ళే. వాళ్ళలో ఎంతమంది ఇళ్ళల్లో ఇలాంటి ట్రంకు పెట్టెలున్నాయో అని నాకు భయం వేస్తుంది.

నానమ్మ

పిటిషన్ తయారవుతుండగా మా ఆఫీసులో ఒక జూనియర్ ఒక సలహా చెప్పాడు. చనిపోయినాయన తల్లి బతికే ఉంది, ఆమె క్షమించానని ఒక లెటర్ ఇస్తే పిటిషన్‌కి బలం వస్తుంది కదా అని. చెడ్డ ఉద్దేశంతో అనలేదు. ఇరాన్, పాకిస్తాన్ లాంటి దేశాల్లో చంపబడ్డవాళ్ళ కుటుంబం క్షమిస్తే ఉరి తప్పుతుంది, డబ్బు తీసుకుని క్షమించడానికీ అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. మన చట్టంలో అది లేదు. అయినా అలాంటి లెటర్ ఫైల్లో ఉంటే చదివేవాళ్ళ మనసు మీద పనిచేస్తుందని నాకూ తెలుసు.

నేను ఒప్పుకోలేదు. కొడుకునీ, కోడల్నీ, మనవణ్ణీ ఒకే రాత్రి పోగొట్టుకున్న మనిషి ఇంటికి నేను వెళ్ళి, అమ్మా నువ్వు పెద్దమనసు చేసుకో అని అడగడమా? ఆమె కాదంటే ఆమె వల్లే ఉరి పడిందన్నట్టవుతుంది. అవునంటే ఆమె కోపాన్ని మేం తీసేసుకున్నట్టవుతుంది. ఆ కోపం మీద ఆమెకి పూర్తి హక్కుంది. క్షమించడం ఆమె ఇష్టం. ఉరి తియ్యకపోవడం రాజ్యం పని. ఈ రెంటినీ కలిపెయ్యకూడదు.

ఆమెని నేను చివరికి హైకోర్టు వరండాలో చూశాను. ఎవరో బంధువు చెబితే వచ్చిందట. నేనెవరో తెలుసుకుని తనే దగ్గరికొచ్చింది. తిడుతుందనుకుని నిలబడ్డాను.

"వాడి లాయరువి నువ్వేనా అమ్మాయ్?"

"అవునమ్మా."

"ఇన్నేళ్ళలో ఈ కేసు ఏమైందని నాకెవరూ ఒక్క ముక్క చెప్పలేదు. ఉరేశారనే అనుకుంటున్నా. పేపర్లో వస్తే గానీ బతికున్నాడని తెలీలా."

నష్టపరిహారం గురించి ఎవరైనా చెప్పారా అని అడిగాను. అలాంటిదొకటుందనే ఆమెకి తెలీదు. ఉరిశిక్ష వేశాం కాబట్టి ఆమెకి న్యాయం జరిగిందనుకుని అందరూ ఇళ్ళకెళ్ళిపోయారు. నేను కూడా అంతే. ఆమె గురించి నా పిటిషన్లో ఒక్క పేరా కూడా లేదు. ఉరి వద్దనే మాలాంటివాళ్ళు ఇది ఒప్పుకోవాలి. మేం ఖైదీ గడప తొక్కినన్నిసార్లు ఆమె గడప తొక్కం. ఆ రోజు ఆమె దరఖాస్తు రాయించి జిల్లా లీగల్ సర్వీసెస్ వాళ్ళకి పంపాను. చాలా ఆలస్యంగా చేసిన చిన్న పని.

'భిక్ష' అన్న మాట

మన భాషలో క్షమాభిక్ష అంటాం. భిక్ష అంటే ఇచ్చేవాడి దయ, ఇస్తే తీసుకోవాలి, లేదంటే మెదలకుండా వెళ్ళిపోవాలి. ఈ మాట వల్ల చాలా చెడు జరిగిందని నా అభిప్రాయం. రాష్ట్రపతికి ఆర్టికల్ 72, గవర్నర్‌కి ఆర్టికల్ 161 ఇచ్చిన ఈ అధికారం ఎవరి సొంత దయా కాదని, రాజ్యాంగం మోపిన బాధ్యత అని సుప్రీంకోర్టు 2014లో శత్రుఘ్న చౌహాన్ తీర్పులో స్పష్టంగా చెప్పింది. నిర్ణయం మంత్రిమండలి సలహా మీద జరుగుతుంది. అంటే హోంశాఖలో ఎవరో ఒక ఆఫీసరు ఫైలు చదివి నోట్ రాస్తారు. ఆ నోట్‌లో ఏముందన్నదే ఒక మనిషి ప్రాణం.

ఇది ఇష్టారాజ్యం కూడా కాకూడదు. ఏపూరు సుధాకర్ కేసు ఆంధ్రప్రదేశ్‌దే. ఒక ఖైదీ ఫలానా పార్టీకి మంచి కార్యకర్త అన్న మాట రిపోర్టులో ఉండగా గవర్నర్ శిక్ష తగ్గించారు. కులం, మతం, పార్టీ చూసి దయ చూపించడానికి వీల్లేదని 2006లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. నాకు ఆ తీర్పంటే గౌరవం. దయకి కూడా కారణం ఉండాలని చెప్పింది.

చిలకలూరిపేట దగ్గర 1993లో బస్సు తగలబెట్టిన కేసు మన పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 23 మంది ప్రయాణికులు కాలిపోయారు. దోచుకోవడానికి పెట్రోలు పోసిన ఇద్దరు కుర్రాళ్ళకి ఉరి పడింది. మొదటి క్షమాభిక్ష పిటిషన్ తిరస్కరించారు. ఉరికి తేదీ కూడా దగ్గర పడ్డాక సుప్రీంకోర్టు ఆపింది. రెండో పిటిషన్ మీద 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. మొదటి పిటిషన్‌కీ రెండో పిటిషన్‌కీ మధ్య నేరం మారలేదు, పోయినవాళ్ళ సంఖ్య మారలేదు. మళ్ళీ చూడమని అడిగినవాళ్ళున్నారు, మళ్ళీ చూసినవాళ్ళున్నారు. అంతే.

తిరస్కరణ

మా పిటిషన్ అటాచ్‌మెంట్లతో కలిపి 190 పేజీలైంది. డిశ్చార్జి కాగితం అటెస్టెడ్ కాపీ, సైకియాట్రిస్టు రిపోర్టు, స్కూలు రిజిస్టరు, ఏళ్ళ తరబడి ఒక్క శిక్ష కూడా లేని జైలు రికార్డు. గవర్నర్ దగ్గర తిరస్కరించారు. రాష్ట్రపతి దగ్గర ఏళ్ళు గడిచాయి. ఆ కాలమంతా అతన్ని ఒంటరి సెల్లోనే ఉంచారు. క్షమాభిక్ష తేలకముందు అలా ఉంచడం చెల్లదని సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది, 2014లో మళ్ళీ చెప్పింది. మేం లెటర్లు రాశాం. భద్రత కోసమని జవాబొచ్చింది. రాత్రుళ్ళు కూడా సెల్లో లైటు తియ్యరు. పొద్దున్నే బూట్ల చప్పుడు వినబడితే తనకోసమేనేమో అనుకునేవాణ్ణని చెప్పాడు. ప్రతి పొద్దునా. ఆరున్నరేళ్ళు.

తిరస్కరించినట్టు వచ్చిన లెటర్ మూడు లైన్లు. కారణాల్లేవు. నాకు చేతులు వణికాయి. శత్రుఘ్న చౌహాన్ తీర్పు ప్రకారం ఆ సమాచారం ఇచ్చాక ఉరికి కనీసం 14 రోజులు గడువుండాలి. తొమ్మిదో రోజున హైకోర్టులో రిట్ వేశాం. రెండు వాదనలు పెట్టాం. ఒకటి, డిశ్చార్జి కాగితం, మెడికల్ రిపోర్టు పరిశీలించిన ఆనవాలే లేదని. రెండోది, కారణం లేని ఆలస్యం.

హైకోర్టు రెండో వాదన మీద ఉరిని యావజ్జీవంగా మార్చింది. ఏ ఆఫీసులో ఫైలు ఎన్ని నెలలు కదలకుండా ఉందో తేదీలతో సహా రాసింది. మొదటి వాదనలోకి వెళ్ళాల్సిన అవసరం లేదని ఒక వాక్యంలో ముగించింది.

అందరూ అభినందించారు. నేనూ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను, అబద్ధం చెప్పను. కానీ తర్వాత రోజుల్లో ఒక విషయం బాధపెట్టింది. అతన్ని కాపాడింది ఫైలు ఆలస్యం. అదే ఫైలు ఆర్నెల్లలో కదిలి ఉంటే, అదే కాగితం, అదే రిపోర్టు, అదే మనిషి, ఉరి జరిగేది. దయ చూపే అధికారం ఉన్న రెండు చోట్లలో ఒక్కచోట కూడా ఆ కాగితాన్ని ఎవరైనా విప్పి చదివారన్న ఆధారం నాకు దొరకలేదు.

క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 472వ సెక్షన్ క్షమాభిక్ష పిటిషన్‌కి 30 రోజుల గడువు పెట్టింది. గవర్నర్ తిరస్కరిస్తే రాష్ట్రపతికి పెట్టుకోవడానికి 60 రోజులు. రాష్ట్రపతి నిర్ణయాన్ని కోర్టులో ప్రశ్నించడానికి వీల్లేదని కూడా రాశారు. ఏళ్ళ తరబడి చావు కోసం ఎదురుచూడటం తగ్గాలన్నది మంచి ఆలోచనే. కానీ ఆ అక్కని వెతికి పట్టుకోవడానికే నాకు నాలుగు నెలలు పట్టింది. గడువు పెట్టాలంటే, ఆ మనిషి గురించి వెతికే పని సెషన్స్ కోర్టులోనే జరిగి ఉండాలి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే లాయర్లకి నేను చెప్పేది ఇదొక్కటే. కేసు చేతికొచ్చిన మొదటి వారంలోనే ఇంటికి వెళ్ళండి. ఆసుపత్రి కాగితాలు అడగండి. మూడోసారి కూడా వెళ్ళండి.

తీర్పు వచ్చాక జైలుకి వెళ్ళాను. అతన్ని అప్పటికే కామన్ బ్యారక్‌కి మార్చారు. ములాఖత్‌లో కూర్చుని తీర్పు ఏం చెప్పిందో నెమ్మదిగా వివరించాను. ఉరి లేదని, బయటికి రావడం కూడా ఇప్పట్లో లేదని. తల ఊపాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ పిల్లాడు రోజూ కళ్ళముందుకి వస్తాడని ఇంతకుముందు రెండుసార్లు చెప్పాడు, ఆ రోజు చెప్పలేదు.

లేచి వచ్చేస్తుంటే పిలిచాడు.

"మేడం, అక్క దగ్గర తీసుకున్న కాగితం మీ దగ్గరే ఉందాండి?"

ఒరిజినల్ ఫైల్లోనే ఉందని చెప్పాను.

"ఇక అవసరం లేదు కదండీ. అక్కకి ఇచ్చెయ్యండి. పారేసుకున్నానేమోనని భయపడుతుంటది."